గుంపు మేస్త్రీ కొన్న ఆటగాడు

శనివారం మధ్యాహ్నానికి పన్నెండు మందికి లక్షా ఇరవై వేల రూపాయలు పంచాలి. శుక్రవారం పొద్దున ఏసోబు దగ్గర ఉన్నవి ఏడు వందల చిల్లర, ఒక ఫుట్‌బాల్ ఆటగాడు. ఆ ఆటగాడు కూడా తనవాడు కాదని గురువారమే తేలిపోయింది. హుజూర్‌నగర్ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన ఇదే లెక్క మళ్లీ మళ్లీ వేసుకుంటున్నాడు. ఎన్నిసార్లు వేసినా పన్నెండు మంది పన్నెండు మందే. చిల్లర మాత్రం టికెట్టు తీసుకున్నాక ఇంకాస్త తగ్గింది.

ఏసోబు జడ్చర్లలో గుంపు మేస్త్రీ. ఇళ్ల స్లాబులకు సెంట్రింగ్ కొట్టే పన్నెండు మంది కూలీలు ఆయన కింద ఉన్నారు. కాంట్రాక్టరు పదిహేను రోజుల కూలి మొత్తం ఒకేసారి మేస్త్రీ చేతికిస్తాడు. శనివారం మధ్యాహ్నం మేస్త్రీ అందరినీ కూర్చోబెట్టి పంచుతాడు. పన్నెండేళ్లుగా ఏసోబు ఆ వేళ తప్పలేదు. వానపడినా, ఇంట్లో జ్వరాలున్నా, శనివారం సైటు మీద అన్నం గిన్నెలు మూసేసరికి నోట్లు వచ్చేవి. తప్పకపోవడానికి కారణముంది. తనకు పదకొండేళ్లప్పుడు అమ్మా నాయినలతో ఏదో దూరదేశం కాలువ పనికి పోతే, ఆరు నెలల కూలి ఎత్తుకుని మేస్త్రీ మాయమయ్యాడు. చేతిలో పైసా లేకుండా, దారిలో అడుక్కుతింటూ పాలమూరు చేరారు. ఆ మేస్త్రీ పేరు ఏసోబు ఇప్పటికీ నోటితో పలకడు. అలాంటి మనిషి ఇప్పుడు కూలీల పైసలు మింగి కూర్చున్నాడు. మింగింది అన్నం కోసం కాదు, మందు కోసం కాదు. బంతి కోసం.

ఆ బంతి పిచ్చి హాస్టల్లో రెండేళ్లు చదివినప్పుడు అంటుకుంది. తెలంగాణ వచ్చిన ఏడాది, బస్టాండు దగ్గర బైకులు బాగుచేసే ఆజంతో కలిసి ఏసోబు ఒక టీము పెట్టాడు. పేరు గంజ్ టీము. ఆజం కోచ్, ఏసోబు ప్రెసిడెంటు. ఆడేవాళ్లు పెయింటర్లు, ఆటో నడిపేవాళ్లు, మందుల కంపెనీలో షిఫ్టులు చేసేవాళ్లు. ఎవరికీ జీతం లేదు, కోచ్‌కు అసలే లేదు. గెలిస్తే కోడి బిర్యానీ, ఓడితే గుడ్డు బిర్యానీ, అంతే తేడా. నాలుగు జిల్లాల లీగులో ఎనిమిది టీములుంటే గంజ్ టీము ఎప్పుడూ నాలుగో చోటో ఐదో చోటో ఉండేది. దానితో ఎవరికీ బాధ లేకపోయింది.

బాధ కల్వకుర్తి నుంచి వచ్చింది. అక్కడి టీముకు ప్లాట్ల వ్యాపారి ఒకడు పైసలు పెట్టి హైదరాబాదు నుంచి నలుగురు ఆటగాళ్లను దింపాడు. వాళ్లు జడ్చర్లకు వచ్చి గంజ్ టీముకు ఆరు గోల్సు కొట్టిపోయారు. సొంత ఊళ్లో, సొంత గ్రౌండులో, సొంత జనం నవ్వుతుండగా. ఓడిపోవడం ఏసోబుకు కొత్త కాదు గానీ, నవ్వులపాలు కావడం కొత్త. ఆ సాయంత్రమే చాయ్ హోటల్లో కూర్చుని, నీ కాలం అయిపోయింది, కొత్త కోచ్‌ను తెస్తున్నామని ఆజంకు చెప్పేశాడు. ఆజం మెడలోని విజిలు తీసి బల్ల మీద పెట్టి, చాయ్ పైసలు కూడా తనే కట్టి పోయాడు. తొమ్మిదేళ్ల కోచ్‌ను తీసేయడానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదని ఏసోబు అప్పుడు లోలోపల సంతోషపడ్డాడు కూడా. ఎంత తెలివితక్కువ సంతోషమో చూడండి.

కొత్త కోచ్ ఫహీం హైదరాబాదువాడు. నల్ల కళ్లద్దాలు, చేతిలో ట్యాబు, నెలకు ముప్పై వేలు. ఎనిమిది నెలలకు కాయితం రాసుకున్నారు. ఏసోబు ఆ కాయితం మీద సంతకమైతే పెట్టాడు, చదవలేదు. కాయితమంటే ఎదుటివాడు పారిపోకుండా రాయించుకునేదని ఆయనకు తెలుసు, ఎందుకంటే పనిలో కాయితాలన్నీ అలాంటివే. తనను కట్టిపడేసే కాయితం ఒకటి ఉంటుందని తోచలేదు. ఫహీం వచ్చాక వరసగా మూడు మ్యాచులు పోయాయి. పెయింటర్ల కాళ్లకు ఆయన ట్యాబులోని గీతలు ఎక్కలేదు. మూడో ఓటమి తరువాత ఏసోబు ఇంక రావద్దన్నాడు. సరే సార్ అని ఫహీం కాయితం విప్పాడు. మధ్యలో తీసేస్తే మిగిలిన ఆరు నెలల జీతం ఒకేసారి ఇవ్వాలని అందులో ఉంది. బతిమాలి, బేరమాడి, లక్షా పది వేలకు ఒప్పించేసరికి వారం పట్టింది. పని చేయనందుకు ఒక మనిషికి అంత డబ్బు ఇవ్వడం ఏసోబు బతుకులో అదే మొదలు. టీము డబ్బాలో ఉన్నది చాలలేదు. ఇంటికి స్లాబు వేద్దామని బ్యాంకులో దాచినది ఊడ్చి ఇచ్చాడు. భార్య మారెమ్మ అడిగితే కాంట్రాక్టరు దగ్గర ఉన్నాయని చెప్పాడు.

అక్కడ ఆగినా బాగుండేది. ఆగలేదు. ఇప్పుడు లీగులో గంజ్ టీము అడుగున ఉంది. అడుగున మిగిలితే వచ్చే ఏడు లీగులోనే ఉండదు. అప్పుడు ఊళ్లో విత్తనాల షాపు సేటు ఒక మాటన్నాడు. మంచి గోల్ కొట్టేవాణ్ని తీసుకురా, వాడు నా షాపు పేరున్న అంగీ తొడుక్కుని గ్రౌండులో దిగిన మర్నాడే మూడు లక్షలిస్తానన్నాడు. ఏసోబుకు హుజూర్‌నగర్ డేవిడ్ గుర్తొచ్చాడు. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు, రెండు కాళ్లతోనూ కొడతాడు, ఆ సీజనులో అప్పటికే పదకొండు గోల్సు. మంగళవారం కాంట్రాక్టరు కూలీల లక్షా ఇరవై వేలు చేతిలో పెట్టాడు. బుధవారం డేవిడ్‌ను కొని, గురువారం అంగీ తొడిగించి గ్రౌండులోకి దింపి, శుక్రవారం సేటు దగ్గర మూడు లక్షలు తీసుకుంటే, శనివారం కూలీలకు ఇవ్వవచ్చు. ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఆ లెక్కలో తప్పేమీ లేదు, మనుషులు లేకపోతే.

ఇక కొన్న పద్ధతి చెప్పాలి. అది గుంపు మేస్త్రీ తప్ప ఇంకెవరూ చేయని పని. కూలీని తెచ్చుకోవాలంటే మేస్త్రీ ఆ ఇంటి పెద్ద దగ్గరికి పోతాడు. అడ్వాన్సు పెద్ద చేతిలో పెడతాడు. పైసలు తీసుకున్న ఇంటి మనుషులు ఆ ఏడాది ఆ మేస్త్రీవాళ్లు. ఇంకో మేస్త్రీకి కావాలంటే మొదటివాడి అడ్వాన్సు కట్టి విడిపించుకుపోవాలి. ముప్పై ఏళ్లుగా ఏసోబు చూసిన లోకం అది. బుధవారం ఆయన డేవిడ్ తండ్రి కాటమయ్య ఇంటికి పోయాడు. మంచం మీద కూర్చుని, వాళ్లు పెట్టిన అన్నం తిని, ఇద్దరు పక్కింటివాళ్లు చూస్తుండగా లక్షా ఇరవై వేలు కాటమయ్య చేతిలో పోశాడు. పిల్లవాడు నావాడేనా అని అడిగితే నీవాడే అన్నాడు కాటమయ్య. ఏసోబు దృష్టిలో బేరం అయిపోయింది. హుజూర్‌నగర్ టీమును ఒక మాట అడగాలన్న ఆలోచనే రాలేదు. వాళ్లు డేవిడ్‌కు ఎన్నడూ అడ్వాన్సు ఇవ్వలేదు కదా, వాళ్లకు హక్కేమిటి?

గురువారం డేవిడ్‌ను వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్‌లో లీగు ఆఫీసుకు పోయాడు. ఆఫీసంటే స్పోర్ట్స్ సామాన్లమ్మే షాపు వెనక గది. రిజిస్టరు చూసే ఉమారాణి రిటైరైన డ్రిల్లు టీచరు, మెత్తగా మాట్లాడే మనిషి. పాత టీము విడుదల లెటరు ఏదని అడిగింది. ఏసోబుకు అర్థం కాలేదు. ఆటగాడు పేరు రాయించుకున్న టీముకే చెందుతాడు, వాళ్లు ఒప్పుకుని లెటరిస్తేనే మారతాడు, తండ్రి ఒప్పుకోలు దీనికి పనికిరాదని ఆమె విడమరిచి చెప్పింది. మార్పులకు చివరి రోజు నిన్ననే అయిపోయిందని కూడా చెప్పింది. ఏసోబు అక్కడి నుంచే హుజూర్‌నగర్ టీముకు ఫోను చేశాడు. వాళ్లకు అప్పటికే విషయం తెలిసింది. దొంగచాటుగా పైసలు తీసుకున్న పిల్లవాడు మాకూ వద్దని అన్నారు.

ఆ మాట ఫోనులోంచి డేవిడ్‌కు వినిపించింది. కుర్రవాడు కుర్చీ అంచున కూర్చుని షూ లేసులు ముడేస్తూ, విప్పుతూ ఉన్నాడు.

"ఇగ నేను ఏ టీముల ఉన్న, మామా?" అన్నాడు.

ఏసోబు లేచి బయటికి నడిచాడు. డేవిడ్‌ను బస్సెక్కించి, సేటు షాపుకు పోయాడు. గ్రౌండులో దిగని అంగీకి పైసలెక్కడివని సేటు నవ్వాడు. నిజమే, ఆయన మాట తప్పలేదు.

అందుకే శుక్రవారం మళ్లీ హుజూర్‌నగర్ బస్సు. కాటమయ్య కాళ్లమీద పడైనా పైసలు వెనక్కి తేవాలి. పడడానికైతే సిద్ధంగానే పోయాడు గానీ, కాటమయ్య పొలంలో ఉన్నాడు. మోకాలి లోతు బురదలో నిలబడి కొత్త మడికి ఒడ్డు పెడుతున్నాడు. ఏసోబును చూసి సంతోషంగా చెయ్యూపాడు. ఇన్నేళ్లు ఇంకొకరి పొలంలో కూలి చేశాడు. ఏసోబు ఇచ్చిన పైసలతో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని, ముందు కౌలు మొత్తం పొలం ఆసామికి కట్టేశాడు. మిగిలిన దానితో విత్తనాలు, మందు బస్తాలు తెచ్చాడు. ఈ ఏడు మొదటిసారి తన గట్టు మీద తను నడుస్తున్నాడు. ఏసోబు సంగతంతా చెప్పాడు, రేపు కూలీలకు ఇవ్వాలన్నాడు. కాటమయ్య మొహం మాడిపోయింది. మోసం చేసే మనిషి కాదు. చేతులు బురద నీళ్లలో కడుక్కున్నాడు.

"పైసలు గా మట్టిల ఉన్నయి బావా. నేనెట్ల తవ్వి ఇయ్యాలె చెప్పు."

ఆసామి వెనక్కివ్వడని ఇద్దరికీ తెలుసు. కోత దాకా ఆగితే నాలుగు నెలలు. ఏసోబు ఆ గట్టు మీదే కూలబడ్డాడు. కాటమయ్య మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. పద్ధతి ప్రకారం అడ్వాన్సు తీసుకున్న ఇల్లు దాన్ని ఖర్చు పెట్టుకుంటుంది, తాను ఎన్ని ఇళ్లలో చూడలేదు? తిరిగి వచ్చేటప్పుడు బస్సు టికెట్టుకు చాలక కాటమయ్య దగ్గరే రెండు వందలు అడిగి తీసుకున్నాడు. అంతకు మించిన సిగ్గు ఇంకేమీ మిగల్లేదనుకున్నాడు.

సిగ్గు ఇంకా మిగిలే ఉంది. జడ్చర్లలో దిగి ఆజం షాపుకు పోయాడు. కోచ్‌గా తీసేసి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో ఏసోబు ఆ దారిన నడవలేదు. ఆజం చేతులు నూనె గుడ్డతో తుడుచుకుని స్టూలు జరిపాడు. అంతా విన్నాడు. ఫహీం సంగతి వచ్చినప్పుడు కొంచెం తల వంచుకున్నాడు, అంతే.

"నాతాన ఉంటే నువ్వు అడుగకముందే తీస్తుంటి భాయ్. మా బిడ్డ అల్మాస్ కాలేజీ ఫీజు మొన్ననే కట్టిన," అన్నాడు. కాసేపటికి, "ఇంట్ల చెప్పినవా?" అని అడిగాడు.

చెప్పలేదని ఏసోబు తలాడించాడు. ముందు ఇంటికి పొమ్మన్నాడు ఆజం. బస్టాండులో పెట్టిన నీ బైకు తాళాలు మాత్రం ఇచ్చిపో, రేపు పొద్దున లోపల ఎవరికైనా అమ్మి చూస్తానన్నాడు. ముప్పై వేలొస్తే గొప్ప అనే బండి అది.

ఇంటికి నడిచి పోతుంటే కూడలి దగ్గర మైసయ్య దిగిన లాడ్జి ముందు జనం కనిపించారు. మైసయ్య పెద్ద మేస్త్రీ. కర్ణాటకలో, మహారాష్ట్రలో సొరంగాలకు, కాలువలకు ఇక్కడి నుంచి కూలీలను తోలుకుపోతాడు. సోమవారం లారీ ఉందట, పది జంటలు తక్కువ పడ్డాయట. మైసయ్య ఒంటరి మనుషులకు అడ్వాన్సు ఇవ్వడు. ఒంటరివాడు పారిపోతాడు, జంట పారిపోదు. మొగుడూ పెళ్లాం కలిస్తేనే ఒక లెక్క. ఏడాదికి జంటకు ఎనభై వేలు, చేతిలో పెట్టిన తరువాతే లారీ ఎక్కడం. ఏసోబు అక్కడ నిలబడిపోయాడు. తాను వదిలించుకున్న బతుకు అది. పదిహేనేళ్ల కింద, ఇంక ఎవరి అడ్వాన్సూ తీసుకోనని మారెమ్మకు మాటిచ్చి మానేసిన బతుకు. ఇంకో దారి ఏదైనా ఉందా అని పది నిమిషాలు ఆలోచించాడు. ఉరి తప్ప ఇంకేమీ తోచలేదు. ఉరివేసుకున్నా ఆ పన్నెండు మందికి కూలి రాదు.

మారెమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. మందుల కంపెనీ క్యాంటీనులో నాలుగేళ్లుగా పని చేస్తోంది. నెలకు పదకొండు వేలు, ఫ్యాను కింద పని, మెడలో ఫొటో ఉన్న కార్డు. పెళ్లయిన నాటి నుంచి తట్టలు మోసిన మనిషికి నెత్తి మీద బరువు లేకుండా జీతం వచ్చిన మొదటి ఉద్యోగం. ఏసోబు గడప మీద కూర్చుని ఒక్కటీ దాచకుండా చెప్పాడు. స్లాబు పైసలు పోయిన సంగతి, కాంట్రాక్టరు దగ్గర ఉన్నాయన్న అబద్ధం, కూలీల సొమ్ము, కాటమయ్య మడి, చివరికి మైసయ్య లారీ. ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. పన్నెండు మందిలో లచ్చయ్య కోడలికి ఈ వారమే కాన్పు కదా అని మాత్రం అడిగింది. అవునన్నాడు. ఆమె లేచి పొయ్యి మీద బియ్యం పెట్టింది. మెడలోని కార్డు తీయడం మరిచిపోయి అలాగే వండింది.

శనివారం పొద్దున ఎనిమిదికి ఆజం వచ్చి నలభై వేలు చేతిలో పెట్టాడు. బండి అమ్ముడుపోయిందన్నాడు. ఆ బండికి నలభై ఇచ్చే మూర్ఖుడు జడ్చర్లలో ఎవడూ లేడని ఏసోబుకు తెలుసు. కొన్నదెవరని అడగలేదు. అడిగితే తీసుకోలేకపోతాడు, తీసుకోకపోతే చస్తాడు. నోట్లలో సగానికి నూనె వాసన ఉంది.

మిగిలిన ఎనభై వేల కోసం మొగుడూ పెళ్లాం మైసయ్య లాడ్జికి పోయారు. మైసయ్య మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన గుమాస్తా, ముందు సిరా ప్యాడు. మైసయ్య ఏసోబును ఎరుగును. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గుంపులో తట్టలు మోశారు. అయినా బేరం బేరమే. గోడ దాకా గొంతుక్కూర్చుని నడవమన్నాడు. ఏసోబు నాలుగడుగులు నడిచి కుడి మోకాలు పట్టుకున్నాడు. యాభై రెండేళ్లకు ఎంత వస్తుంది? అందులోనూ సెంట్రింగ్ పలకలు మోసిన మోకాళ్లు.

"నీకు ఇరవై కూడ ఎక్కువే ఏసోబు," అన్నాడు మైసయ్య. మాటలో ఎగతాళి లేదు, సరుకు చూసి చెప్పినట్టు చెప్పాడు. "నేను ఇచ్చేది అక్కను చూసి. గామె గట్టిది. నువ్వు జోడీ లెక్కకు వస్తున్నవ్."

ఏసోబు గోడ దగ్గర అలాగే కూర్చుండిపోయాడు. మొన్న బుధవారం డేవిడ్ కాళ్లకు లక్షా ఇరవై వేలు కట్టాడు. పని చేయకుండా పోయినందుకు ఫహీంకు లక్షా పది వేలు కట్టాడు. ఆజంకు ఏమీ కట్టలేదు. మనుషులకు ధర కట్టడం తన పని, పన్నెండేళ్లుగా చేస్తున్నాడు, పైగా తన కళ్లు తప్పు చూడవని గర్వం ఒకటి. తన ఇంట్లో ఉన్న మనిషి వంక మాత్రం ఎన్నడూ ఆ కళ్లతో చూడలేదు. ఇప్పుడు ఇంకొకడు చూసి, ఎనభైలో అరవై వేలు ఆమె ధరేనని తేల్చాడు.

గుమాస్తా కాయితం ముందుకు జరిపాడు. ఏడాది లోపల వెనక్కి రాకూడదు, వస్తే అడ్వాన్సుకు రెట్టింపు కట్టాలి, ఒకరు మంచాన పడితే ఇంకొకరు పని నడపాలి. మైసయ్య దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఆడమనిషి తన నోటితో, ఇద్దరు వినేటట్టు, ఒప్పుకున్న అనాలి. ఆ మాట పడితే తప్ప పైసలు బయటికి తీయడు. గది నిండా మారెమ్మ మాట కోసమే ఎదురుచూస్తున్నారు. గోడ గడియారం పది కొట్టింది. సైటు మీద పన్నెండు మంది ఈపాటికి పలకలు ఎత్తుతూ ఉంటారు. ఇంకో రెండు గంటలకు గిన్నెలు మూసి, చేతులు కడుక్కుని, మేస్త్రీ కోసం దారి చూస్తారు.

"మారెమ్మా," అన్నాడు ఏసోబు. చేతులు జోడించాడు, పెళ్లానికి, అందరి ముందు.

మారెమ్మ మొగుడి వైపు తిరిగింది. కోపంగా కాదు, చాలా రోజుల తరువాత చూస్తున్నట్టు చూసింది.

"ఆజం అన్నను తీసేసిన నాడు నన్ను అడుగలె. గా పిలగాన్ని కొన్న నాడు అడుగలె. అమ్మేటప్పుడు అడుగుతున్నవ్."

ఆ తరువాత మైసయ్య వైపు తిరిగి, ఒప్పుకున్న అని అందరికీ వినపడేటట్టు చెప్పి, సిరా ప్యాడు కోసం చెయ్యి చాచింది.